సముద్రం మెట్లెక్కిన సాయంత్రం

మా తోడల్లుడు ఎసెంగెల్ది పెళ్ళి ఫోటోలు తీసి బతుకుతాడు. పెళ్ళిళ్ళంటే మాత్రం వాడికి ఒళ్ళుమంట. శని, ఆదివారాలు "నవ్వండి, ఇంకాస్త నవ్వండి, మామయ్యగారూ మీరు కళ్ళు తెరవండి" అని గొంతు చించుకుంటాడు. సోమవారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని సముద్రం ఒడ్డుకి పోతాడు. అక్కడ ఎవర్నీ నవ్వమని బతిమాలక్కర్లేదట.

పోయి ఏం తీస్తాడయ్యా అంటే, మా ఊరు బోజ్‌తూబెక్‌కి ఉత్తరాన తెల్ల సున్నపురాతి కొండ ఒకటి ముక్కు చాచుకుని నీళ్ళలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. దాన్ని తీస్తాడు. ఎండలో తీస్తాడు, మబ్బులో తీస్తాడు, ఎడారి దుమ్ము లేచి కొండ కనిపించనప్పుడు కూడా దానివైపే తిప్పి తీస్తాడు. మళ్ళీ వారం మళ్ళీ అదే కొండ.

ఒకసారి మా అత్తగారింట్లో అందరం మాంసం, పిండిరేకులు కడుపునిండా తిని పాలటీ తాగుతుంటే, వాడు ఆ ఫోటోలు తెచ్చి బల్లమీద పరిచాడు. అత్తగారి పేరు ఉల్‌బోసిన్. 'ఈసారి మగపిల్లాడు పుట్టాలి' అని ఆ పేరుకి అర్థం. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసిగిపోయి ఆవిడ తండ్రి పెట్టిన పేరు. ఆయన కోరిక తీరిందో లేదో గానీ, ఊళ్ళో మగాళ్ళందరికీ ఆవిడంటే హడలు. ఫోటోలు ఒక్కొక్కటే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇందులో మనుషులేరీ, అల్లుడుగారూ?"

"లేరత్తయ్యా."

"పోనీ గొర్రెలు?"

"అవీ లేవు."

"మరి ఎవరికోసం తీశారు?"

"వెలుతురు కోసం."

అత్తగారు నా భార్యవైపు తిరిగి, "ఏమే, మీ చెల్లెలి మొగుడికి నులిపురుగుల మందు వేయించి ఎన్నాళ్ళైంది?" అంది.

నేను కల్దిబెక్‌ని. ఆ ఇంటికి పెద్దల్లుడిని. నాకొక పాత వ్యాను ఉంది. రొట్టెముద్దలా ఉంటుందని దాన్ని అందరూ 'రొట్టె' అంటారు. జనాన్నీ, గడ్డినీ, అప్పుడప్పుడు జబ్బుపడ్డ గొర్రెల్నీ మోస్తుంటాను. చిన్నల్లుడి సామాను మొయ్యడం కూడా నా పనే అయింది, ఎందుకంటే వాడికి బండి లేదు, నాకు కాదనే నోరు లేదు.

ఇక మా సముద్రం సంగతి. మా చిన్నప్పుడు అది ఏటేటా ముందుకొచ్చేది. మొదట మా బడి మరుగుదొడ్డిని మింగింది. పిల్లలందరం పండగ చేసుకున్నాం. తర్వాత బడిని మింగబోతూ ఎందుకో మనసు మార్చుకుని వెనక్కి తిరిగింది. అప్పట్నుంచి పోతూనే ఉంది. నిన్న పడవలు కట్టిన చోట ఇవాళ ఒంటెలు పడుకుంటాయి.

అలాంటి ఒడ్డున మా సపార్‌గాలి హోటలు కట్టాడు. సపార్‌గాలి, ఎసెంగెల్ది ఒకే తరగతిలో చదివారు. చదివారంటే, ఒకే బెంచీ మీద నిద్రపోయారు. తర్వాత సపార్‌గాలి టైర్లు అమ్మి, ఒంటె ఉన్ని అమ్మి, ఏమేం అమ్మాడో వాడికీ గుర్తులేదు, పెద్దవాడయ్యాడు. హోటలుకి 'తెంగిజ్ ఖాన్' అని పేరు పెట్టాడు, అంటే సముద్రపు రాజు. పునాది వేసినప్పుడు నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయి. పైకప్పు వేసేసరికి నడుచుకుంటూ పోతే తప్ప నీళ్ళు అందడంలేదు. మధ్యలో బురద, గవ్వలు, రెల్లు, ఎవడో వదిలేసిన ఒక బూటు.

హోటల్లో అడుగు పెట్టగానే ఎదురుగా ఒక పెద్ద గోడ. దాని నిండా సముద్రం ఫోటో ఉండాలని సపార్‌గాలి కోరిక. ముందు ఎవరో కంప్యూటర్ కుర్రాడితో చేయించాడు. వాడు బురద తుడిచేసి నీలం నీళ్ళు పోశాడు, ఆకాశంలో సీగల్ పక్షుల్ని ఎగరేశాడు. ఆ బొమ్మని ప్రకటనలో పెట్టిన రోజే ఎవడో పనిలేనివాడు కనిపెట్టాడు, అన్నీ ఒకే పక్షి అని. రెక్కలో ఒకే ఈక ఊడి ఉంది అన్నిటికీ. ఆ తర్వాత సపార్‌గాలి బజారులో నడుస్తుంటే కూరలమ్మే ఆడవాళ్ళు కూడా సీగల్‌లా అరిచేవాళ్ళు.

ఆ దెబ్బతో వాడు ఎసెంగెల్ది దగ్గరికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, వ్యాను చక్రం విప్పుకుంటూ.

"నాకు నిజం ఫోటో కావాలి," అన్నాడు. "సముద్రం నా మెట్లకి తగులుతూ ఉండాలి. ఒక్క చుక్క కూడా అబద్ధం ఉండకూడదు."

"సముద్రం అక్కడ లేదుగా," అన్నాడు ఎసెంగెల్ది.

"అదే నీ పని."

"నేను ఫోటోలు తీస్తాను. సముద్రాన్ని తోలుకొచ్చేది నేను కాదు."

"గాలి వస్తే వస్తుంది కదరా. పడమటి గాలి గట్టిగా కొడితే ఇప్పటికీ ఒడ్డెక్కుతుంది. కాపు కాయి. శీతాకాలం లోపల రాజధాని నుంచి పెద్దమనుషులు ప్రారంభానికి వస్తున్నారు."

ఎసెంగెల్ది కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ గాలి తెచ్చే వెలుతురులో, ఆ నీళ్ళతో కొండని తీయాలని వాడికి ఎప్పట్నుంచో ఆశ. పెళ్ళిళ్ళు మానేసి కూర్చునే వీలు ఇన్నాళ్ళూ దొరకలేదు.

"సరే," అన్నాడు. "కానీ ఎప్పుడు నొక్కాలో నేను చెప్తాను. నువ్వు పక్కన నిలబడి 'తియ్యి తియ్యి' అనకూడదు."

"అననురా," అని మాటిచ్చాడు సపార్‌గాలి. వాడి మాట మీద నమ్మకం ఉన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు, వాడితో సహా.

అలా ఆ శరత్కాలమంతా మేమిద్దరం నా వ్యానులో ఆ బురద ఒడ్డున కాపురం పెట్టాం. నేను స్టవ్ మీద టీ పెట్టేవాణ్ణి, ఎండుచేప చీల్చేవాణ్ణి. వాడు హోటలుకి ఒక పక్కగా పాత సిమెంటు దిమ్మ మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి కూర్చునేవాడు. అక్కణ్ణించి కుడివైపు హోటలు మెట్లు, ఎడమవైపు నీళ్ళుండాల్సిన బురద, ఎదురుగా దూరాన తెల్లకొండ.

మొదట పొగమంచు పట్టుకుంది. ముక్కు ముందు చెయ్యి కనిపించదు. ఎసెంగెల్ది మాత్రం మంచులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏం చూస్తున్నావురా?" అన్నాను.

"రంగు మారుతోంది అన్నా."

"ఏ రంగు?"

"పొద్దున పాల రంగు. ఇప్పుడు పులిసిన ఒంటెపాల రంగు."

నేను చూశాను. నాకు రెండూ ఒకటే. ఆకలేస్తే నాకు అన్నీ రొట్టె రంగులోనే కనిపిస్తాయి.

మంచు విడిచాక ఆకాశం తళతళ్ళాడింది. నీలమంటే అదే నీలం. సపార్‌గాలి మెడకి టై బిగించుకుని పరుగెత్తుకొచ్చాడు, ఎవరో వాణ్ణి తీస్తారన్నట్టు. కానీ నీళ్ళు దూరంగా గీతలా పడి ఉన్నాయి. బురదలో మూడు ఒంటెలు వచ్చి సరిగ్గా హోటలు ఎదురుగా నిలబడి, నిదానంగా ఒకదాని తర్వాత ఒకటి పేడ వేశాయి. సపార్‌గాలి టై పట్టుకుని వాటి వెంటపడ్డాడు. ఎసెంగెల్ది దాన్ని తీశాడు. ఎందుకు తీశావంటే, వెలుతురు బాగుందన్నాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం నీళ్ళు నిజంగానే కదిలాయి. గాలి కొంచెం తిరిగింది, రెల్లు తలలు వంచింది, బురద మీద పల్చగా నీటిపొర జారుకుంటూ వచ్చి మెట్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది. సపార్‌గాలి ఎసెంగెల్ది పక్కకి పరుగెత్తుకొచ్చాడు.

"తియ్యరా, తియ్యి."

"వెలుతురు బాగాలేదు."

"నీళ్ళొచ్చాయి కదరా."

"వచ్చాయి. చూడ్డానికి బట్టలుతికిన నీళ్ళలా ఉన్నాయి. నీ గోడ నిండా ఇవే కావాలంటే చెప్పు, మా ఇంట్లో తొట్టె దగ్గర తీసిస్తాను."

"నీలం నేను తర్వాత వేయించుకుంటాను."

"సీగల్ కూడా వేయించుకో."

సపార్‌గాలి ముఖం కందగడ్డలా అయింది. కారెక్కి పోయాడు. తెల్లారేసరికి నీళ్ళు కూడా పోయాయి.

ఆ రాత్రి నాకూ కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. "నొక్కితే నీ వేలు అరుగుతుందా? నాలుగు నొక్కి వాడి మొహాన కొట్టు, ఇంటికి పోదాం. నా వెన్ను పడిపోయింది ఈ సీటులో," అన్నాను.

వాడు కెమెరా మూత బిగించాడు. తర్వాత అన్నాడు, "అన్నా, నేను ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళు తీశాను కదా. ఒక్కళ్ళైనా వాళ్ళ ముఖంతో వాళ్ళు నిలబడ్డారనుకున్నావా? కెమెరా చూడగానే ఒక ముఖం తెచ్చి తగిలించుకుంటారు. ఆ ముఖాలు తీసీ తీసీ నాకు మనుషుల్ని చూడాలంటేనే విసుగొచ్చింది. ఈ కొండకి నేనున్నట్టే తెలీదు. ఒక్కసారైనా దాన్ని సరిగ్గా తీస్తే చాలు."

"నీకు నిజంగానే నులిపురుగుల మందు కావాలి," అన్నాను. కానీ మర్నాడు మళ్ళీ నేనే టీ పెట్టాను.

ఇంకొన్నాళ్ళకి మా అత్తగారు దిగింది. ఇద్దరల్లుళ్ళూ ఇల్లు వదిలి బురదలో ఏం వెలగబెడుతున్నారో చూద్దామని, పాల లారీ ఎక్కి, నూనెలో వేయించిన రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. వ్యాను తలుపు తీసి లోపలికి తొంగిచూసి, "గొర్రెల్ని మోసినప్పుడే ఇది కాస్త శుభ్రంగా ఉండేది," అంది. ముందు సీటులో కూర్చుని, మళ్ళీ దిగలేదు.

ఆవిడ వచ్చిన రోజు రాత్రే గాలి లేచింది. తెల్లారేసరికి వ్యాను ఊగుతోంది. పడమట ఆకాశం సీసం ముద్దలా దిగబడి ఉంది. దూరాన గీతలా ఉన్న నీళ్ళు తెల్లగా పళ్ళు బయటపెట్టి వస్తున్నాయి. మధ్యాహ్నానికి రెల్లు మునిగింది. ఆ పాడుబడ్డ బూటు తేలి హోటలు వైపు ప్రయాణం కట్టింది. నేను వ్యానుని వెనక గట్టు మీదకి ఎక్కించాను.

సపార్‌గాలి వచ్చాడు. ముఖం పెళ్ళికొడుకు ముఖం. "చూశావా, చూశావా, నా మెట్లు," అంటూ గాలికి ఎదురుగా నిలబడి చేతులు చాచాడు. మొదటి అల మొదటి మెట్టుని నాకింది.

"తియ్యి."

"వెలుతురు లేదు."

"నేనేమీ అనట్లేదు. ఊరికే గుర్తుచేస్తున్నా."

రెండో మెట్టు మునిగింది. మూడోది మునిగింది. సపార్‌గాలి చేతులు కొంచెం కొంచెంగా కిందికి దిగాయి. "ఇక చాలు కదా," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలీదు. సముద్రం వినిపించుకోలేదు. కాసేపటికి అది మెట్లన్నీ ఎక్కి, ఇంకా ప్రారంభం కాని హోటల్లోకి మొదటి అతిథిగా గాజు తలుపు తోసుకుని వెళ్ళింది.

లోపల కొత్త తివాచీలు పరిచి ఉన్నాయి. సపార్‌గాలి బూట్లు విప్పాడు, తర్వాత ప్యాంటు విప్పాడు, తడిస్తే పాడైపోతుందని. లోపలి పొడుగు లాగుతో నీళ్ళలోకి పరుగెత్తాడు. నేనూ వెనకాల పోయాను. ఎంతైనా ఊరివాడు. తివాచీలు చుట్టి పై అంతస్తుకి మోశాం. తడిసిన తివాచీ చచ్చిన ఎద్దంత బరువుంటుంది. నేను తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయడం కుదరదు.

మూడోసారి కిందికి దిగి కిటికీలోంచి చూస్తే ఎసెంగెల్ది నడుం దాకా నీళ్ళలో ఉన్నాడు. సిమెంటు దిమ్మ మునిగిపోయింది, దాని మీదే నిలబడి స్టాండుని కౌగిలించుకున్నాడు. వాడి వెనకాల మా అత్తగారు. డెబ్బై ఏళ్ళ మనిషి, పావడా ఎత్తి నడుముకి దోపుకుని, రెండు చేతులతో వాడి బెల్టు పట్టుకుని వెనక్కి లాగుతోంది, అల లాక్కుపోకుండా.

నేను వాళ్ళవైపు పరుగెత్తాను. ఆవిడ గొంతు గాలిలోంచి వినిపించింది.

"తీస్తారా, మునుగుతారా, అల్లుడుగారూ? ఏదో ఒకటి తేల్చండి. నా మోకాళ్ళు గడ్డకడుతున్నాయి."

"ఇంకొంచెం అత్తయ్యా."

"నా కూతురికి మళ్ళీ సంబంధం చూసే ఓపిక నాకు లేదు నాయనా."

నేను వెళ్ళి ఆవిడ నడుం పట్టుకున్నాను. అలా ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని నిలబడ్డాం.

అప్పుడు పడమట మబ్బు కింద, నీళ్ళకి పైన, సన్నని సందు తెరుచుకుంది. పొద్దు ఆ సందులోకి జారింది. నాకు మాటలు రావు ఇలాంటివి చెప్పడానికి. వెలుతురు నీళ్ళ మీద అడ్డంగా పరుగెత్తుకొచ్చి కొండని తాకింది. పైనంతా నల్లటి ఆకాశం, కింద ఆ తెల్లరాయి పొయ్యిలోంచి తీసిన ఇనుములా ఎర్రబడింది. అలలు సీసా గాజులా ఆకుపచ్చగా లేచి, విరిగినచోట రాగి రంగులో చిట్లుతున్నాయి. హోటలు గోడలు, మెట్లు మింగిన నీళ్ళు, అన్నీ వెలిగిపోయాయి. పుట్టినప్పట్నుంచీ రోజూ చూసే ఒడ్డు అది. దాన్ని ఎవరో అప్పుడే కొత్తగా చేసి అక్కడ పెట్టినట్టుంది. నా చేతులు అత్తగారి నడుం పట్టుకునున్నాయన్న సంగతి కూడా మర్చిపోయాను. ఆవిడా మర్చిపోయినట్టుంది. ఎసెంగెల్ది వేలు నొక్కుతోంది, ఆగుతోంది, నొక్కుతోంది.

సందు మూసుకుంది. అంతా బూడిదరంగు అయిపోయింది.

"అయిందా?" అంది అత్తగారు.

"అయిందత్తయ్యా."

"అయితే నన్ను వదలండి పెద్దల్లుడుగారూ. ఊరు చూస్తోంది."

మర్నాటికి సముద్రం వెళ్ళిపోయింది. హోటలు నేల మీద మోకాలెత్తున మురికి గీత, గవ్వలు, స్వాగతం చెప్పే బల్ల మీద ఒక బతికున్న చేప మిగిలాయి.

ఫోటో పెద్దదిగా వేయించి తెచ్చాక అందరం అత్తగారింట్లోనే చూశాం. సపార్‌గాలి కూడా వచ్చాడు. ఎసెంగెల్ది చుట్ట విప్పాడు. కొండ ఉంది, సముద్రం ఉంది, ఆ వెలుతురు అంతా ఉంది. మునిగిన మెట్ల మీద, సరిగ్గా వెలుతురు పడినచోట, సపార్‌గాలి కూడా ఉన్నాడు. పొడుగు లాగు, టై, ముందుకి తోసుకొచ్చిన పొట్ట, భుజాన, అల బయటికి లాక్కుపోతే పట్టుకొచ్చుకున్న తడిసిన తివాచీ. తల తిప్పి సముద్రంవైపు చూస్తున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తీస్తున్నప్పుడు వాడు అక్కడున్న సంగతి ఎసెంగెల్ది గమనించనే లేదు.

సపార్‌గాలి చాలాసేపు చూశాడు. "నన్ను తీసెయ్యి," అన్నాడు.

"ఒక్క చుక్క కూడా అబద్ధం ఉండకూడదన్నావు."

"అది నీళ్ళ గురించి. ఈ లాగు గురించి కాదు."

"తీసెయ్యను. ఇందులో అందరికన్నా బాగా వచ్చింది నువ్వేరా. నేను ఇన్నేళ్ళల్లో ఇలాంటి ముఖం ఒక్కటి కూడా తీయలేదు."

"రాజధాని వాళ్ళ ముందు నా లాగు గోడంతా వేలాడదియ్యమంటావా?"

మాట మాట పెరిగింది. ఒకళ్ళు దొంగ అన్నారు, ఇంకొకళ్ళు టైర్లమ్ముకునేవాడివి అన్నారు. ఈ గొడవలో మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటో మీదకి వంగింది.

"ఇదిగో, అరవకండి," అంది. "సపార్‌గాలీ, ఇలా రా. ఆ తివాచీ మోస్తున్న తీరు చూడు. ఒక భుజం కిందికి, మెడ ఇటు. అచ్చం మీ నాన్న వల మోసినట్టే. ఆయనా ఇలాగే లాగుతోనే తిరిగేవాడు ఒడ్డంతా, సిగ్గనేది లేకుండా. పడవ దిగి వల భుజానేసుకుని, ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి ఇలాగే చూసేవాడు."

సపార్‌గాలి తండ్రి జాలరి. వాడి చిన్నతనంలోనే పోయాడు. వాళ్ళింట్లో ఆయన ఫోటో ఒక్కటే ఉండేదట, పనికార్డు కోసం తీసింది, తపాలా బిళ్ళంత.

సపార్‌గాలి ముక్కు చీదాడు. ఫోటోని తనే జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

హోటలు ప్రారంభం రోజున ఆ గోడకి పేద్ద అద్దం బిగించి ఉంది. రాజధాని పెద్దమనుషులు లోపలికి రాగానే ఎదురుగా తమని తామే చూసుకుని, చాలా అందంగా ఉందని మెచ్చుకున్నారు. సముద్రం గురించి ఎవరూ అడగలేదు. ఫోటో సపార్‌గాలి ఇంట్లో, వాడు పడుకునే గదిలో ఉందని పనిమనిషి చెప్తే తెలిసింది.

ఎసెంగెల్ది పెళ్ళిళ్ళు మానలేదు. మానితే వాళ్ళావిడ ఊరుకోదు. అయితే ఇప్పుడు నవ్వమని అడగడం మానేశాడు. విందయ్యాక, కుర్చీలు మోసేటప్పుడు, ఎవరూ చూడనప్పుడు తీస్తున్నాడు. జనం తిడుతున్నారు, మా అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయేంటని. మళ్ళీ వాణ్ణే పిలుస్తున్నారు, ఊళ్ళో ఇంకొకడు లేడు కాబట్టి.

ఈ మధ్య మళ్ళీ గాలి తిరిగే రోజులొచ్చాయి. నిన్న ఒడ్డున టీ పెడుతుంటే సపార్‌గాలి కారు వచ్చి ఆగింది. చేతిలో చేప పెట్టి కాల్చిన పిండివంట. వ్యాను తలుపు తీసి, అడక్కుండానే వెనక సీటులో ఇరుక్కున్నాడు.

"ఏంటి, ఇంకో ఫోటో కావాలా?" అన్నాను.

"నాకేం వద్దు. చూద్దామని వచ్చా."

"చూడ్డానికి ఏముందిక్కడ, బురద తప్ప?"

"అదే చూస్తా. నీదేం పోయింది?"

ఈసారి కూడా మాతో వచ్చి ముందు సీటులో కూర్చున్న అత్తగారు పిండివంట విరిచి వాసన చూసి ఉప్పు తక్కువైందని తేల్చింది. ఎసెంగెల్ది బయట స్టాండు దగ్గర కాలర్ ఎత్తుకుని నిలబడ్డాడు. వాన మొదలైంది. కొండ కనిపించకుండా పోయింది. కాసేపటికి వాడూ తడిసి లోపలికొచ్చాడు, నలుగురం సర్దుకుని కూర్చున్నాం.

"వస్తుందంటావా వెలుతురు?" అన్నాడు సపార్‌గాలి.

"రాదు," అన్నాడు ఎసెంగెల్ది, కెమెరా అద్దం తుడుచుకుంటూ. "ఇంకో టీ పొయ్యి అన్నా."